బుర్రోళ్ళింట్లో గ్యాస్ కుంపటి

తెలివి అందరికీ ఎంతో కొంత ఉంటుందని మీరనుకుంటున్నారు కాబోలు. ఆ మాట మా గుమ్మలబందలో మాత్రం అనకండి. మా పక్కింటి నూకాలమ్మ వింటే ఊరుకోదు. తెలివంతా తన ముగ్గురు కొడుకులకీ పంచేశాక, ఊరికి మిగిలింది గిన్నె అడుగున మాడు మాత్రమేనని ఆవిడ నమ్మకం. "మా ఇంటిపేరుతో మీకేం పని? బుర్రోళ్ళని పిలవండి, చాలు" అని ఊరందరికీ ఆవిడే చెప్పింది. ఊరు కూడా కాదనలేదు. పిలిచేటప్పుడు నవ్వాపుకోవడమే మా తిప్పలు.

పెద్దోడు కూర్మయ్య, నడిపోడు పోలయ్య, చిన్నోడు గవరయ్య. ముగ్గురిలో పెళ్ళయింది చిన్నోడికే. పెద్దోళ్ళిద్దరికీ ఎందుకు కాలేదంటారా? అన్నదమ్ములిద్దర్నీ ఒకే ఇంటికి పెళ్ళిచూపులకి తీసుకెళ్ళారు. ఆ ఇంటాయన మర్యాదకి, "మొహమాటపడకండి బాబూ, మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. అంతే. ఇద్దరూ చొక్కాలు విప్పి మేకుకి తగిలించి, ఆయన మంచమెక్కి ముసుగుతన్ని పడుకున్నారు. లేపితే, "మా ఇంట్లో ఈ వేళకి పడుకుంటామండి" అన్నారు. ఆ తరవాత వాళ్ళకి ఇంకో సంబంధం రాలేదు.

ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. ఎవరైనా ఏదైనా చెబితే అందరూ అంతా గుర్తుపెట్టుకోరు. మాటలు పంచుకుంటారు. మొదటి మాట పెద్దోడిది, రెండోది నడిపోడిది, మూడోది చిన్నోడిది, ఆ తరవాతది అమ్మది. ఎవడి మాట వాడు ప్రాణం పోయినా తప్పడు. పక్కవాడి మాట పొరపాటున చెవిలో పడితే తల దులుపుకుంటాడు. "బస్తా ఒక్కడే మోస్తే నడుం పోదూ? బుర్రయినా అంతే" అంటుంది నూకాలమ్మ. ఓసారి ఆవిడ, "సంతలో బెల్లం కొనండి, రంగు చూడండి, గట్టిగా బేరమాడండి" అని పంపింది. ముగ్గురూ మూడు దారుల్లో పోయారు. ఒకడు అడిగినంతా ఇచ్చేసి నల్లబెల్లం కొన్నాడు. ఒకడు సంతలో ఉన్న బెల్లాలన్నిటి రంగూ చూసి వచ్చాడు. గవరయ్య పొద్దుగూకేదాకా గట్టిగా బేరమాడి, సగానికి సగం తగ్గించి, ఏమీ కొనకుండా వచ్చాడు. నూకాలమ్మ ముగ్గురికీ దిష్టి తీసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మాది కొండమీద ఊరు. మార్గశిరం వచ్చిందంటే పొద్దున్నే నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని మా ఇళ్ళల్లో నడిగదిలోనే కట్టెలు రాజేసుకుంటాం. వెచ్చదనం సగం, పొగ సగం. మాకు అలవాటే.

గవరయ్య పెళ్ళాం వరహాలు కొండ దిగువ పిల్ల. బంగారంలాంటిది, బుర్ర కూడా ఉంది, కానీ నూకాలమ్మ ముందు ఆ మాట అనకూడదు. పురిటికి పుట్టింటికెళ్ళి మగబిడ్డని కన్నది. "వచ్చి బాబుని చూసి వెళ్ళవయ్యా" అని మావగారు కబురు పెట్టాడు. గవరయ్య వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. వచ్చేశాడు. ఎత్తుకోమని ఎవరూ అనలేదుగా. మళ్ళీ వెళ్ళరా అంటే, "చూశాను, వెళ్ళాను. ఆయన చెప్పిన పనులు రెండూ అయిపోయాయి పిన్నీ" అన్నాడు నాతో. పైకి అలా అన్నాడే గానీ మనిషి మనిషిలా లేడు. తలగడని ఒళ్ళో పెట్టుకుని ఊపుతూ కూర్చునేవాడు. ఆ తలగడకి వీపు నిమిరేవాడు. 

బాబుకి మూడో నెల వచ్చింది. ఇక పంపండి అని నూకాలమ్మ ఫోన్ చేసింది. వియ్యంకుడు సన్యాసినాయుడు మెత్తనివాడే, కానీ మనవడి దగ్గర మాత్రం రాయి. "చెల్లెమ్మా, పసిగుడ్డుని ఆ కట్టెల పొగలో పడుకోబెడతానా? మీ ఇల్లు వెచ్చగా ఉండాలి, పొగ ఉండకూడదు. నేనొచ్చి కళ్ళారా చూస్తాను. బాగుంటే ఆ రోజే పంపుతాను. లేదా, చలికాలం పోయేదాకా తల్లీ బిడ్డా ఇక్కడే" అన్నాడు. గవరయ్య తలగడ ఊపడం ఆపి, "చలికాలం ఎప్పుడు పోతుందమ్మా?" అని అడిగాడు. అప్పటికింకా మొదలైతేగా.

ఎవరో గ్యాస్ కుంపటి సంగతి చెప్పారు. ఇనప పెట్టె గోడకి ఆనించి బిగిస్తారు. లోపల గ్యాసు మండుతుంది. దాని పొగ గదిలోకి రాకుండా ఓ గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. పెద్ద హోటళ్ళలో ఉంటుందట. ముగ్గురూ నర్సీపట్నం పోయి ఒకటి కొన్నారు. బిగించడానికి సుబాని అనే మెకానిక్ వచ్చాడు. పనిలో ఘటికుడు, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పెట్టె, గొట్టం దింపించి, గోడ చూసి, "ఇక్కడ గొట్టం పట్టేంత చిల్లు కొట్టించి ఉంచండి. రేపొచ్చి బిగిస్తాను" అని స్కూటరెక్కాడు.

ఆ గొట్టం మనిషంత పొడుగు. బుర్రోళ్ళు దాన్ని గోడకి అడ్డంగా పెట్టి బొగ్గుతో గీత గీశారు. అడ్డంగా పెడితే పట్టి, నిలువుగా పెడితే పట్టకపోతే ఎలా అని పోలయ్యకి అనుమానం వచ్చింది. నిలబెట్టి ఇంకో గీత గీశారు. ఇంకేముంది, పొద్దున్నే గునపాల చప్పుడు. నేను పెరట్లో అంట్లు తోముకుంటూ తలెత్తితే, గోడ ఉండాల్సిన చోట నూకాలమ్మ కూర్చుని నాకు చెయ్యి ఊపుతోంది.

సుబాని వచ్చి స్కూటర్ దిగకుండానే ఉండిపోయాడు.

"ఏటమ్మా ఇది?"

"చిల్లు నాయనా. గొట్టం పట్టేంత కొట్టాం. పడుకోబెట్టి చూశాం, నిలబెట్టి చూశాం. ఎలా పెట్టినా పడుతుంది" అంది నూకాలమ్మ.

"గొట్టం పట్టాలంటే దాని మూతి పట్టాలమ్మా. మూతి."

"మూతి పట్టదా నాయనా ఇందులో? నువ్వూ నీ స్కూటరూ కూడా పడతారు."

అది నిజమే కాబట్టి సుబాని స్కూటర్ దిగాడు. తాపీమేస్త్రీని పిలిచి గోడ మళ్ళీ కట్టించి, చేటంత కూడా లేని చిల్లు తనే దగ్గరుండి పెట్టించాడు. సిమెంటు ఆరేదాకా మూడు రోజులు పని ఆగింది. ఈలోగా వియ్యంకుడు ఫోన్ చేసి ఫలానా రోజు వస్తున్నానన్నాడు. చూస్తే మధ్యలో ఒక్క రోజే ఉంది.

ఆ రోజు సుబాని పొద్దున్నే వచ్చి పెట్టె బిగించాడు. గొట్టం గోడలోంచి బయటికి తీశాడు. వాన నీళ్ళు పడకుండా మూతికి టోపీ పెట్టాడు. సిలిండర్ని వసారాలో నిటారుగా నిలబెట్టి ట్యూబు కలిపాడు. గ్యాసు కారుతుందేమో చూడ్డానికి అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాశాడు. బుడగలొస్తే కారుతున్నట్టు, రాకపోతే బాగున్నట్టు. బుడగలు రాలేదు. నూకాలమ్మ ఇదంతా శ్రద్ధగా చూసి, తలంటు అయిపోయింది కదా అని, కుంపటిని పొడి తువ్వాలుతో తుడిచి పసుపు రాసి బొట్టు పెట్టింది. అక్కడిదాకా సుబాని కూడా మంచిదేలే అనుకున్నాడు.

అప్పుడు నలుగుర్నీ వరసగా నిలబెట్టి చెప్పాడు. "ఇది నిప్పుతో ఆట. సరిగ్గా వినండి. ఒకటి, పొగ ఎప్పుడూ ఈ గొట్టంలోంచి బయటికే పోవాలి. రెండు, గోడకి ఈ గాలి కంత ఉంది చూశారా, దీన్ని ఎప్పుడూ మూయకూడదు, దీనిలోంచి గాలి వస్తుండాలి. మూడు, మంట నీలంగా ఉండాలి. నాలుగు, వాసనొస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు తీసేసి అందరూ బయటికొచ్చి నాకు ఫోన్ చెయ్యాలి. అయిదు, మంట పసుపురంగుకి తిరిగితే వెంటనే కుంపటి ఆపేసి నన్ను పిలవాలి."

కూర్మయ్య మొదటిది తీసుకున్నాడు. పోలయ్య రెండోది. గవరయ్య మూడోది. నూకాలమ్మ నాలుగోది. అయిదో మాట తీసుకోవడానికి మనిషి లేడు. అది అక్కడే గుమ్మంలో పడిపోయింది. సుబాని దాన్ని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

కుంపటి వెలిగింది. గది చక్కగా వెచ్చబడింది. గవరయ్య తలగడని దగ్గరగా తీసుకెళ్ళి, "చూశావా నాన్నా, మనిల్లు" అని చూపించాడు. నేనూ వెళ్ళి చేతులు కాచుకుని వచ్చాను. ఇక వీళ్ళు బాగుపడ్డారనే అనుకున్నాను. అలా అనుకోవడం నా బుద్ధితక్కువ.

కాసేపటికి కూర్మయ్య పెరట్లోకి పోయి గొట్టం మూతి కింద నిలబడ్డాడు. పొగ రావట్లేదు. గ్యాసు మంటకి కళ్ళకి కనపడే పొగ ఉండదు కదా. అతనికా సంగతి తెలీదు. ఇంకాసేపు చూశాడు. రాలేదు.

"అమ్మా, పొగ బయటికి పోవట్లేదే."

"లోపల లేదురా పోడానికి."

"లేకపోతే ఎలా? ఎప్పుడూ పోవాలన్నాడు. ఎప్పుడూ అంటే ఇప్పుడూ పోవాలి కదా."

అంతే. మట్టి మూకుడులో పచ్చి యూకలిప్టస్ ఆకులు, కాస్త సాంబ్రాణి, కొబ్బరిపీచు వేసి రాజేసి తెచ్చి గది మధ్యలో పెట్టాడు. బయటికి పోవడానికి పొగ తయారుచేస్తున్నాడన్నమాట. పొగ ఏమో కూర్మయ్య ముక్కులోకీ, పోలయ్య కళ్ళలోకీ, నూకాలమ్మ గొంతులోకీ పోయింది గానీ గొట్టం వైపు కూడా చూడలేదు. కట్టెల రోజుల్లో కూడా ఆ ఇంట్లో అంత పొగ నేనెరగను.

పోలయ్య దగ్గుతూ తన గాలి కంత వైపు చూశాడు. కనపడలేదు. పొగ కప్పేసింది. ఇంకేముంది, కంత మూసుకుపోయిందని అతనికి కంగారు పుట్టింది. తన మాట తప్పిపోతోంది మరి. పరిగెత్తుకెళ్ళి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఆయన దగ్గర స్టాండు ఫ్యాన్ తెచ్చాడు. కంత బయట స్టూలు వేసి, దాని మీద నిలబెట్టి, మొహం లోపలికి తిప్పి పెద్ద నంబరులో పెట్టాడు. గాలి రావాలన్నాడు కదా సుబాని, వచ్చింది. గాలితోబాటు మంచొచ్చింది, మంచుతోబాటు పెరట్లో ఎండుటాకులొచ్చాయి, వాటి వెనకాల నా కోడిపెట్ట ఈకలు కూడా కొన్ని పోయాయి. మూకుడులో బూడిద లేచి నలుగురి నెత్తినా కూర్చుంది.

ఆ గాలికి కుంపట్లో మంట అల్లల్లాడి పసుపురంగుకి తిరిగింది. అయిదో మాట ఎవరైనా తీసుకుని ఉంటే ఏం చెయ్యాలో తెలిసేది. గవరయ్య దగ్గర ఉన్నది మూడో మాటే. మంట నీలంగా ఉండాలి. నీలంగా లేకపోతే నీలంగా చెయ్యాలి.

"అమ్మా, మన పంచెలకి పెడతామే, ఆ నీలిమందు సీసా ఎక్కడుంది?"

"చాకిరేవు మూట పక్కన ఉంది. ఎక్కువ పొయ్యకు, మచ్చలు పడతాయి" అంది నూకాలమ్మ.

ఎక్కువ పొయ్యలేదు పాపం. సీసాడే పోశాడు. 'సుయ్' మంది. మంట పోయింది. కుంపటికి పెట్టిన పసుపూ బొట్టూ పోయాయి. గవరయ్య మొహం మాత్రం నీలంగా మారింది. మంట ఆరగానే గ్యాసు దానంతటదే ఆగిపోయే మీట ఏదో సుబాని ముందే పెట్టాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ కథ నవ్వుతూ చెప్పగలిగేదాన్ని కాదు.

మంట ఆరింది, కానీ నీలిమందు కాలిన కంపు లేచింది. నూకాలమ్మ ముక్కు పైకెత్తింది. ఇప్పుడు ఆవిడ వంతు.

"వాసన. లేవండర్రా. స్విచ్చి ముట్టుకోకండి. తలుపులు తీయండి. బయటికి నడవండి."

అందరూ బయటికొచ్చి వసారా మెట్ల మీద వరసగా కూర్చున్నారు. గాలికి కంపు పావుగంటలో పోయింది. ఇక లోపలికి పోదామా అనుకుంటుండగా, ఇటు మా ఇంట్లో నేను ఎండునెత్తళ్ళ చేపలు వేయించడం మొదలెట్టాను. నూకాలమ్మ మళ్ళీ ముక్కెత్తింది. "ఇంకా వస్తోంది. కూర్చోండి" అంది. నెత్తళ్ళయ్యాక నేను పులుసులోకి మెంతులు వేయించాను. కూర్చున్నారు. అవతలింట్లో ఎవరో తలకి ఆముదం రాసుకున్నారు. కూర్చున్నారు. చీకటి పడుతోంది, మంచు దిగుతోంది, నలుగురూ గజగజ వణుకుతున్నారు. నాకేం తెలుసు? సరదాకి కూర్చున్నారనుకున్నాను. చివరికి నాలుగో మాటలో ఫోను కూడా ఉందని నూకాలమ్మకి గుర్తొచ్చింది.

"నాయనా సుబానీ, వాసనొస్తోంది."

అవతల సుబాని స్కూటర్ తాళాలు వెతుక్కుంటూ అడిగాడు. "అందరూ బయటే ఉన్నారా? ఎలాంటి వాసనమ్మా? కుళ్ళిన గుడ్డు వాసనా?"

"కాదు నాయనా. ఇందాక నెత్తళ్ళు. ఇప్పుడు ఆముదం."

పాపం, అయినా వచ్చాడు. గ్యాసు దగ్గర నవ్వులాట పనికిరాదని అతని భయం. లోపల మూకుడు చూశాడు, ఫ్యాన్ చూశాడు, గవరయ్య నీలి మొహం చూశాడు.  కుంపటి విప్పి, కడిగి, ఆరబెట్టి, ఊది, మళ్ళీ బిగించేసరికి చాలా పొద్దుపోయింది.

"మీరు దీన్ని ముట్టుకోకండి. ఎవ్వరూ ముట్టుకోకండి. రేపు మీ మావగారు వచ్చే వేళకి నేనే వచ్చి వెలిగిస్తాను" అన్నాడు గవరయ్యతో.

గవరయ్య చేతులు జోడించాడు. "సుబాని గారూ, రేపు ఇది వెలక్కపోతే మా బాబు రాడండి" అన్నాడు. నీలిమందు మీదుగా కన్నీళ్ళు కారాయి. సుబాని మర్నాడు చెప్పిన దానికంటే ముందే వచ్చాడు.

సన్యాసినాయుడు వచ్చాడు. కుర్చీ వేశారు. సుబాని కుంపటి దగ్గర గొంతుక్కూర్చుని, పానా చేత్తో పట్టుకుని, వెలిగించి చూపించాడు. మంట నీలంగా, నిదానంగా ఉంది. గది ఎండపొడలా వెచ్చబడింది. నాయుడు గొట్టం చూశాడు, గాలి కంత దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, పొగ ఉందేమోనని ముక్కెగబీల్చి చూశాడు. బుర్రోళ్ళు నలుగురూ గోడకి ఆనుకుని ఊపిరి కూడా తీయలేదు. సుబాని తీయొద్దని వాళ్ళకి చెప్పాడేమో నాకు తెలీదు.

నాయుడు కుర్చీలో కూర్చుని టీ తాగి, "బాగుందయ్యా" అన్నాడు. "చాలా బాగుంది. సాయంత్రానికల్లా పిల్లనీ మనవణ్ణీ పంపిస్తాను. అల్లుడూ, ఒక్క మాట. వాళ్ళొచ్చేసరికి ఈ ఇల్లు ఇప్పుడు నేను చూస్తున్నట్టే ఉండాలి. ఇందులో ఏదీ పెరగకూడదు, ఏదీ తరగకూడదు. తెలిసిందా?"

"నా మావగారి మాట. నాదే" అని గవరయ్య అన్నలిద్దర్నీ చూశాడు. వాళ్ళు తల దులుపుకున్నారు.

నాయుడు సుబాని స్కూటర్ మీదే కొండ దిగాడు. మధ్యాహ్నమంతా బుర్రోళ్ళు కదలకుండా కూర్చున్నారు. ఏ పొరపాటూ జరగలేదు. కుంపటి హాయిగా మండుతోంది. నాకే నమ్మకం కుదరక రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను.

సాయంత్రం జీపు వచ్చింది. వరహాలు బిడ్డని పొత్తిళ్ళలో చుట్టుకుని దిగింది. జీపు తోలింది ఆమె పినతండ్రి కొడుకు. మంచు కమ్మేస్తే ఘాట్ రోడ్డు దిగలేనని, సామాను దింపి వెనక్కి మళ్ళాడు. నూకాలమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దిష్టి తీసింది. వరహాలు కుడికాలు ఎత్తింది.

గవరయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

రెండు చేతులూ బిడ్డ వైపు వెళ్ళాయి. నేను గోడ మీంచి చూస్తూనే ఉన్నాను. వెళ్ళి, మధ్యలో ఆగి, వెనక్కొచ్చేశాయి.

"ఆగు వరహాలూ. లోపలికి రాకు."

"ఏటండీ, ఏమైంది? కుంపటి వెలగలేదా?"

"భేషుగ్గా వెలిగింది. మీ నాన్న చూసినప్పుడు ఈ ఇంట్లో నువ్వు లేవు, బాబు లేడు. ఏదీ పెరగకూడదన్నారు. మీరొస్తే ఇద్దరు పెరుగుతారు."

"అయ్యో, ఆయనన్నది..."

"ఆయనన్నది నా మాట" అన్నాడు గవరయ్య. 

"పోనీ నేనూ అన్నయ్యా బయటికొచ్చేస్తాం. వీళ్ళిద్దరూ లోపలికి పోతారు" అన్నాడు పోలయ్య.

"అప్పుడు మీరిద్దరూ తరుగుతారు. తరగకూడదు కూడా అన్నారు."

బిడ్డ తుమ్మింది. గవరయ్య గబుక్కున తన ఒంటి మీద దుప్పటి తీసి చాపాడు. మళ్ళీ లాక్కున్నాడు. "దుప్పటి బయటికొస్తే ఇంట్లో దుప్పటి తరుగుతుంది" అని, ఆ దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నూకాలమ్మ పళ్ళెం పట్టుకుని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూస్తోంది. వాడి మాటలో ఆవిడ వేలు పెట్టదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చీపురుకట్ట తీసుకుని గోడ దూకబోయాను.

వరహాలు నాకు చెయ్యి చూపించి ఆగమంది. మంచులో నిలబడి, బిడ్డని గుండెకి అదుముకుని, నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, మా నాన్న ఇల్లు చూసినప్పుడు ఎక్కడున్నాడు? బయటా, లోపలా?"

"లోపలే. కుర్చీలో."

"ఇంకెవరున్నారు?"

"సుబాని గారు. కుంపటి దగ్గర."

"వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు కదా. మరి అప్పుడే ఇంట్లో ఇద్దరు తరగలేదూ?"

గవరయ్య దుప్పటి కిందికి జారింది.  "అమ్మా," అన్నాడు, "మధ్యాహ్నం నించీ మావగారి మాట తప్పి కూర్చున్నామే. రా వరహాలూ, తొందరగా రా. ఇద్దర్నీ పెంచు."

అంతే. లాగినంత పని చేసి లోపలికి తీసుకెళ్ళారు. నేను కూడా వెనకే వెళ్ళబోతే, "నువ్వప్పుడు లేవు పిన్నీ" అని కూర్మయ్య తలుపు వేసేశాడు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఏం చేస్తాను?

లోపల వెచ్చగా ఉంది. వరహాలు బుగ్గలకి రంగొచ్చింది. ఇక కథ సుఖాంతమే అనుకున్నాను. పోలయ్య ఎక్కణ్ణించో ఓ పానా తెచ్చి మరదలి చేతిలో పెట్టాడు. సుబాని చేతిలో ఉండేది కదా. "కుంపటి పక్కన గొంతుక్కూర్చోమ్మా, అతను అలాగే కూర్చున్నాడు" అన్నాడు. కూర్మయ్య బిడ్డని అందుకుని, రెండు తలగడలు వేసి, నాయుడు కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టాడు. నూకాలమ్మ గ్లాసుడు టీ తెచ్చి బిడ్డ ముందు పెట్టి, "తీసుకోండి అన్నయ్యగారూ" అంది.

వరహాలు పానా పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ టీ తనే తాగింది. తరవాత మొగుడి వైపు చూసింది. అతను కుర్చీకి ఎదురుగా, చేతులు కట్టుకుని, వంగి నిలబడ్డాడు.

"అలా చూస్తారేంటండీ? మీ కొడుకుని ఎత్తుకోండి."

"అమ్మో," అన్నాడు గవరయ్య, "మావగారిని ఎత్తుకుంటే ఏం మర్యాద?"

అలాగే నిలబడ్డాడు. ఒంట్లో ప్రాణమంతా కళ్ళలోకి వచ్చేసింది. చేతులు కట్టుకున్న చోటే నలుగుతున్నాయి. బిడ్డ నీలిమంట వైపు చూసి, దీపం చూసి, చివరికి తండ్రిని చూసింది. గవరయ్య ఇక ఆగలేకపోయాడు. ఇంకా కిందికి వంగి, మెల్లిగా అడిగాడు.

"మావగారూ, తమరేమీ అనుకోకపోతే, మీ మనవణ్ణి ఒక్కసారి ఎత్తుకుంటానండి."

గదిలో అందరూ బిడ్డ నోటి వైపే చూశారు. కిటికీ బయట నేను కూడా.

బిడ్డ కాళ్ళాడించి, "ఊఁ" అంది.

"విన్నారా? ఊఁ అన్నారు" అని గవరయ్య గబగబా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు. వీపు నిమిరాడు. ఆ చిన్న తల మీద బుగ్గ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నాడో. నాకు చలి తెలీలేదు.

అప్పుడు బిడ్డ, మూడో నెల పిల్లలు చేసే పనే చేసింది. గవరయ్య చొక్కా మీద నించి పంచె దాకా తడిసిపోయింది. అతను బిడ్డని కొంచెం దూరంగా పట్టుకుని, మొహంలోకి చూసి, ఎంతో నొచ్చుకుంటూ అన్నాడు.

"అయ్యో మావగారూ, ఒక్క మాట అంటే పెరట్లోకి దారి చూపించేవాణ్ణి కదండీ."